న్యాయస్థానాల సంస్కరణ – వెలుపలి సహాయం : మన రైలుమార్గం చెప్పే సాక్ష్యం

"న్యాయవ్యవస్థ సంస్కరణకు అంతర్జాతీయ సహాయం" అనే మాట వార్తాపత్రికలలో తరచుగా కనబడుతున్నది. ఆ మాట చదవగానే మన విద్యార్థుల మనస్సులో తూర్పు తైమూరు, కంబోడియా వంటి దూరదేశాలు మెదలుతాయి. ఐక్యరాజ్యసమితి ప్రతినిధులు, ప్రపంచబ్యాంకు నిపుణులు, లక్షల డాలర్ల నిధులు, ఇవన్నీ మనకు సంబంధంలేని సంగతులుగా తోస్తాయి. కాని యీ ప్రశ్న ఒకనాడు మన తాండూరు రైలు పట్టాల మీదుగా నడచివెళ్ళినదని, లండనులోని అత్యున్నత న్యాయపీఠం దానికి సమాధానం చెప్పవలసివచ్చినదని తెలిసినవారు కొద్దిమందే. ఒక దేశపు న్యాయస్థానాలు బాగుపడడానికి మరొక దేశం ఎంతవరకు చేయూత నివ్వవచ్చును, ఆ చేయి ఎక్కడ ఆగిపోవలెను అనే విషయాన్ని ఆ ఉదంతంతోనే ఆరంభించడం సమంజసమని తలుస్తున్నాను.

వాడి నుండి సికిందరాబాదు వరకు గల రైలుమార్గం 1874లో ప్రారంభమైనది. తాండూరు, వికారాబాదు, శంకర్‌పల్లి ఆ మార్గంలోని స్టేషన్లే. దారి పొడవునా నేల నిజాము ప్రభువుది. కాని రైలు భూములలో జరిగే నేరాలను విచారించే అధికారాన్ని నిజాము ప్రభుత్వం బ్రిటిషు ఇండియా ప్రభుత్వానికి అప్పగించినది. పైకి చూస్తే ఇదొక సౌకర్యం మాత్రమే. బొంబాయి నుండి వచ్చే బండిలో దొంగతనం జరిగితే ఏ తాలూకాలో జరిగినదో, ఏ న్యాయాధికారి విచారించవలెనో తేల్చుకొనడం కష్టం గనుక మార్గమంతటా ఒకే చట్టం, ఒకే న్యాయస్థానం వుండడం మేలని వాదించినారు. అప్పటి మాటలో చెప్పవలెనంటే అది "సహాయమే". ఫలితమేమనగా, తాండూరు స్టేషను కంచెకు ఇవతల ఒక న్యాయం, అవతల మరొక న్యాయం. కంచె దాటి పది అడుగులు వేసిన రైతుకు న్యాయాధికారి మారిపోయేవాడు.

మహమ్మదు యూసుఫుద్దీను అనే నిజాము ప్రజను శంకర్‌పల్లి స్టేషనులో అరెస్టు చేసినారు. వారంటు జారీ చేసినది సిమ్లా మేజిస్ట్రేటు. ఆరోపించబడిన నేరం సిమ్లాకు సంబంధించినదే గాని రైలుకు గాని, రైలు భూమికి గాని సంబంధించినది కాదు. ఆ మనిషి దొరికిన చోటు మాత్రం రైల్వే స్టేషను. రైలు భూమిపై మాకు అధికారమున్నది గనుక అక్కడ ఎవరినైనా, ఏ నేరానికైనా పట్టుకొనవచ్చునని ప్రభుత్వ వాదం. వ్యాజ్యం ప్రివీ కౌన్సిలు దాకా వెళ్ళినది. 1897లో తీర్పు వెలువడినది. శంకర్‌పల్లి స్టేషను నిజాము రాజ్యంలోని భాగమే, ఆ సార్వభౌమత్వం ఎక్కడికీ పోలేదు, నిజాము ఇచ్చిన అధికారం రైలుపాలనకు సంబంధించినంత మేరకే, ఇచ్చినదానిని మించి ప్రకటన జారీచేసితే ఆ మించిన భాగానికి విలువ లేదు, కనుక అరెస్టు చెల్లదని న్యాయమూర్తులు నిర్ణయించినారు.

ఈ తీర్పులోని విశేషాన్ని గ్రహించవలెను. ఆ న్యాయపీఠం సామ్రాజ్యానికి చెందినదే. దాని ముందు ప్రతివాది ఆ సామ్రాజ్యమే. అయినను "నీకు ఇచ్చినదెంత?" అని అది అడిగినది. న్యాయవిషయంలో ఒక ప్రభుత్వం మరొక ప్రభుత్వానికి సహాయపడునప్పుడు అన్నిటికంటె ముందుగా అడగవలసిన ప్రశ్న ఇదే. తీర్పు చెప్పే అధికారం ఎవరి చేతిలో నుండి ఎవరి చేతిలోకి పోతున్నది? పోయినది తిరిగివచ్చే మార్గమున్నదా?

ఇదే కాలంలో జపాను దేశం ఇంతకంటె గడ్డు సమస్యను ఎదుర్కొన్నది. పాశ్చాత్యులతో చేసుకొన్న ఒప్పందాల ప్రకారం జపానులో నేరం చేసిన విదేశీయుని జపాను న్యాయస్థానం విచారించరాదు. ఆ దేశపు కాన్సలే విచారించేవాడు. మీ చట్టాలు నాగరికమైనవి కావు, బాగుపరచుకొన్నాక మాట్లాడుదమని పాశ్చాత్యుల వాదం. జపాను ప్రభుత్వం 1873లో బువసొనాదు అనే ఫ్రెంచి న్యాయశాస్త్రవేత్తను పిలిపించినది. ఆయన తయారుచేసిన శిక్షాస్మృతి 1882లో అమలులోకి వచ్చినది. అయితే ఆయన సిద్ధపరచిన పౌరస్మృతి తమ కుటుంబ సంప్రదాయాలకు పొసగదని పెద్ద వివాదం చెలరేగి, 1892లో అది వాయిదా పడినది. తరువాత ముగ్గురు జపాను పండితులే కూర్చొని దానిని తిరగవ్రాసినారు. ఆ స్మృతి 1898లో అమలులోకి వచ్చినది. మరుసటి ఏడు, అనగా 1899లో, కాన్సళ్ళ న్యాయాధికారం జపాను గడ్డ మీద అంతమైనది. గురువును పిలిచినారు, పాఠం నేర్చినారు, కలం మాత్రం తమ చేతికి తీసుకొన్నారు.

ఇక మన హైదరాబాదు రాజ్యపు అనుభవానికి వత్తాము. మొదటి సాలార్‌జంగు 1853లో దివాను పదవి స్వీకరించేనాటికి జిల్లాలలో శిస్తు వసూలు ఇజారాదార్ల పాలై వుండినది. శిస్తు పాడుకొన్నవాడే గ్రామాలకు న్యాయకర్త. తనపై ఫిర్యాదును తానే వినవలసిన చోట న్యాయమెట్లుండునో చెప్పనక్కర లేదు. సాలార్‌జంగు జీతంపై పనిచేసే తాలూకాదార్లను నియమించినారు. 1865లో జిల్లాబందీ జరిపించి రాజ్యాన్ని జిల్లాలుగా ఏర్పరచినారు. నగరంలోను, జిల్లాలలోను అదాలతులను క్రమపరచినారు. ఈ పనికి ఆయనకు చదువుకొన్న మనుషులు కావలసివచ్చినది. రాజ్యంలో వారు చాలినంతమంది లేరు. అందుచేత ఉత్తర హిందూస్థానం నుండి పిలిపించినారు. సయ్యదు హుస్సేను బిల్‌గ్రామీ 1873లో వచ్చినారు. 1877లో నజీరు అహమ్మదు వచ్చినారు. ఈ రెండవ వారి పేరు న్యాయశాస్త్ర విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తుంచుకొనదగినది. ఉర్దూ నవలా రచయితగానే చాలామంది ఆయనను ఎరుగుదురు. కాని 1860నాటి భారత శిక్షాస్మృతిని "తాజీరాతె హింద్" అనే పేరున ఉర్దూలోకి తెచ్చిన అనువాదంలో ఆయనకు ముఖ్యమైన పాలున్నది. ఇంగ్లీషు న్యాయభావాలకు ఉర్దూలో మాటలు వెదకి స్థిరపరచిన తరానికి చెందినవారాయన. న్యాయసహాయమనేది డబ్బు రూపంలోనే వచ్చునని తలచేవారు ఈ సంగతిని ఆలోచించవలెను. ఒక రాజ్యానికి పదజాలం కూడ దిగుమతి కావచ్చును.

1884లో పారశీకం స్థానే ఉర్దూ రాజ్యపు అధికారభాష అయినది. న్యాయస్థానాలలో అది పెద్ద మార్పు. చదువుకొన్న కొద్దిమందికి తప్ప ఎవరికీ తెలియని భాషకు బదులుగా బజారులో వినబడే భాష వచ్చినది. కాని నిష్పక్షపాతంగా చూచినట్లయితే, తాండూరు చుట్టుపక్కల తెలుగు, కన్నడం మాట్లాడే రైతుకు ఉర్దూ కూడ వ్రాతలో అందని భాషే. అర్జీ వ్రాయించుకొనడానికి ఒకరిని, చదివించుకొనడానికి మరొకరిని ఆశ్రయించవలసివచ్చినది. వెలుపలి నుండి వచ్చిన అధికారులు సమర్థులే అయినను, పెద్ద పదవులన్నీ వారికే దక్కుతున్నవని స్థానికులు బాధపడినారు. ముల్కీ, గైర్‌ముల్కీ వివాదానికి మూలాలు ఇక్కడనే వున్నవి. సహాయకుని పిలిచినవారు, ఆ సహాయం ఎన్నాళ్ళు అవసరమో నిర్ణయించుకొనకపోతే, సహాయమే ఫిర్యాదుగా మారుతుంది. సాలార్‌జంగు ఘనతను తగ్గించడం నా ఉద్దేశం కాదు. ఆయన పిలిచినవారు ఆయన రాజ్యపు ఉద్యోగులుగా, ఆయన రాజ్యపు చట్టం క్రింద పనిచేసినారు. శంకర్‌పల్లి స్టేషనులోని బ్రిటిషు అధికారానికి, యీ ఉద్యోగుల అధికారానికి గల వ్యత్యాసం అదే.

ప్రసంగవశాత్తు ఒక మాట. మా కళాశాలలో రెండు భాషల విద్యార్థులూ ఒకే బల్లపై కూర్చుంటారు గనుక వారికి ఇది వినోదం కలిగించగలదు. వకీలు, వకాల్తా, వాయిదా, హాజరు, జప్తు, నకలు, జామీను, దస్తావేజు మొదలైన మాటలు ఉర్దూ నుండి తెలుగులోకి వచ్చి, తెలుగువే అన్నంతగా స్థిరపడినవి. వీటిలో "ముద్దాయి" అనేది మాత్రం దారిలో తలక్రిందులైనది. ఉర్దూలో ముద్దయీ అనగా దావా వేసినవాడు, వాది. ప్రతివాదిని ముద్దాలై అంటారు. తెలుగులో ముద్దాయి అనగా నేరం మోపబడినవాడు. ఒకే న్యాయస్థానంలో ఒకే మాట విని ఒకరు ఫిర్యాదిని, మరొకరు నిందితుని తలచుకొంటారు! అనువాదంలో న్యాయమెంత సులభంగా జారిపోగలదో చెప్పడానికి ఇంతకంటె చిన్న ఉదాహరణ దొరకదు.

హైదరాబాదు సాధించిన అతి పెద్ద సంస్కరణ 1921లో వచ్చినది. ఆనాటి ఫర్మానా ద్వారా న్యాయశాఖను పరిపాలనశాఖ నుండి వేరుచేసినారు. అంతవరకు జిల్లాలో శిస్తు వసూలు చేసే అధికారి చేతిలోనే న్యాయవిచారణాధికారం కూడ వుండేది. తహసీలుదారు ఉదయం శిస్తు బకాయిదారుని బెదిరించి, మధ్యాహ్నం అతని వ్యాజ్యం వినేవాడు. ఈ రెండు పనులను రెండు చేతులకు అప్పగించడమే చట్టబద్ధపాలనకు మొదటి మెట్టు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి మీర్జా సమీయుల్లా బేగు, అనగా మీర్జా యార్‌జంగు, లక్నో నుండి వచ్చిన న్యాయవాది. ఆయన కుమారుడు మీర్జా హమీదుల్లా బేగు 1977లో భారత ప్రధాన న్యాయమూర్తి అయినారు. బ్రిటిషు ఇండియాలో జాతీయవాదులు ఎన్నో ఏండ్లు అడిగినను పూర్తిగా లభించని సంస్కరణ ఒక సంస్థానంలో అమలైనది. స్వతంత్ర భారతదేశంలో రాజ్యాంగపు 50వ అధికరణం దీనిని ఆదర్శంగా నిర్దేశించినను, క్రిమినలు విచారణ విషయంలో దేశవ్యాప్తంగా ఇది స్థిరపడినది 1973నాటి నేరవిచారణ స్మృతి 1974 ఏప్రిలులో అమలులోకి వచ్చినప్పుడే. సంస్కరణలన్నీ పశ్చిమం నుండి, ఢిల్లీ మీదుగా, మన ఊరికి దిగివస్తాయనే భ్రమను ఈ రెండు తేదీలు పోగొడతాయి.

ఇప్పుడు ప్రపంచం వైపు చూతము. ఐక్యరాజ్యసమితి 1985లో న్యాయవ్యవస్థ స్వాతంత్ర్యాన్ని గూర్చిన మౌలిక సూత్రాలను ఆమోదించినది. న్యాయమూర్తి ఎవరి ఒత్తిడికీ లొంగక తీర్పు చెప్పగలగాలని, అతని పదవీకాలానికి చట్టం రక్షణ కల్పించవలెనని అవి చెప్పుచున్నవి. అంతకు చాలకాలం ముందే, 1960ల నాటికి, అమెరికా సంస్థలు ఆసియా, ఆఫ్రికా, లాటిను అమెరికా దేశాల న్యాయవిద్యకు విస్తారంగా నిధులు సమకూర్చినవి. పదేండ్ల తరువాత ఆ ప్రయత్నంలో పాల్గొన్నవారే తమ పనిని ప్రశ్నించుకొన్నారు. డేవిడు ట్రూబెకు, మార్కు గాలాంటరు 1974లో వ్రాసిన వ్యాసం ఇందుకు ప్రసిద్ధమైనది. మన దేశంలో న్యాయస్థానాలు ఎట్లు పనిచేస్తాయో, ఇతర దేశాలలోనూ అట్లే పనిచేస్తాయని మేము అనుకొన్నామని వారు ఒప్పుకొన్నారు. తన పొరపాటును తానే ముద్రించుకొనే పండితులు అరుదు గనుక వారిని మెచ్చుకొనవలసినదే.

తూర్పు తైమూరు ఉదాహరణ మరింత కఠినమైనది. 1999లో అక్కడ స్వాతంత్ర్యంపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగినది. దానిననుసరించి చెలరేగిన హింసాకాండలో కచేరీలు కాలిపోయినవి. ఇండోనేషియా న్యాయమూర్తులు, న్యాయవాదులు వెళ్ళిపోయినారు. ఐక్యరాజ్యసమితియే ఆ దేశాన్ని పాలించవలసివచ్చినది. 2000 జనవరిలో స్థానికులను న్యాయమూర్తులుగా నియమించినారు. వారు ఇండోనేషియాలో చదువుకొన్నవారు, అంతకుముందు న్యాయపీఠంపై కూర్చొననివారు. విచారణలలో తెతుం, ఇండోనేషియా, పోర్చుగీసు, ఇంగ్లీషు భాషలు నాలుగూ వినబడేవి. సాక్షి మాట ఒక భాష నుండి మరొక భాషకు, దానినుండి ఇంకొక భాషకు మారుతూ న్యాయమూర్తికి చేరేది. స్వాతంత్ర్యం వచ్చిన పిమ్మట తెతుం, పోర్చుగీసు అధికారభాషలైనవి. ఇండోనేషియా భాషలో చదివిన న్యాయమూర్తులు పోర్చుగీసులో పనిచేయవలసివచ్చినది. 2005లో శిక్షణలో వున్న దేశీయ న్యాయమూర్తులు అర్హత పరీక్షలో తప్పినారు. వారి స్థానాలలో కొంతకాలం విదేశీ న్యాయమూర్తులు కూర్చున్నారు. తప్పినది న్యాయమూర్తులా, భాషను నిర్ణయించినవారా అనేది పాఠకులే ఆలోచించుకొనగలరు.

ఒకనాడు సహాయం స్వీకరించిన జపాను తరువాత సహాయం చేసినది. కంబోడియాలో ఖ్మేర్ రూజ్ పాలన 1975 నుండి 1979 వరకు సాగినది. ఆ కాలంలో చదువుకొన్న వర్గం నాశనమైనది. న్యాయవాదులు, న్యాయమూర్తులు మిగిలినది అతి స్వల్పం. జపాను నిపుణులు 1999లో అక్కడ పౌరస్మృతి రచనకు పూనుకొన్నారు. ఇది త్వరగా ముగియలేదు. స్థానిక బృందంతో కలిసి కూర్చొని, ఒక్కొక్క న్యాయపదానికి ఖ్మేర్ భాషలో సరియైన మాట ఏదని చర్చించి చర్చించి ముందుకు సాగినారు. స్మృతి 2007లో శాసనమైనది, 2011లో అమలైనది. పండ్రెండు సంవత్సరాలు! నిధులిచ్చేవారికి ఇంత ఓపిక సాధారణంగా వుండదు. మూడేండ్ల పథకం, ఒక నివేదిక, ఒక శంకుస్థాపన ఫలకం, ఇంతటితో ముగించవలెనని తొందరపడతారు. బువసొనాదు వ్రాసిన స్మృతిని తాము తిరగవ్రాసుకొనవలసివచ్చిన జాతికి గనుక, ఆ ఓపిక కలిగినదేమో.

అంతర్జాతీయ సహాయం మన గ్రామాలకు కూడ వచ్చినది. ఆంధ్రప్రదేశులో 2000లో ప్రపంచబ్యాంకు రుణసహాయంతో "వెలుగు" పథకం ఆరంభమైనది. తొలుత ఎంచుకొన్న ఆరు జిల్లాలలో మన పొరుగున వున్న మహబూబునగరు ఒకటి. తరువాత ఇతర జిల్లాలకు విస్తరించి, "ఇందిరా క్రాంతి పథం" అనే పేరుతో నడచిన యీ కార్యక్రమంలో భూమి సమస్యలకు ప్రత్యేక విభాగమేర్పడినది. పేదలకు పట్టా వున్నను పొలం చేతికి రాకపోవడం, పొలం దున్నుతున్నను పేరు దస్త్రంలో ఎక్కకపోవడం, అన్నదమ్ముల పంపకం కాగితానికి ఎక్కకపోవడం, ఇవన్నీ మనకు తెలిసిన బాధలే. ఇట్టివారికి అండగా గ్రామీణ యువతీయువకులకు భూచట్టాలలో శిక్షణ నిచ్చి న్యాయ సహాయకులుగా నియమించినారు. అమెరికాలోని సియాటిల్ నగరపు గ్రామీణాభివృద్ధి సంస్థ నిపుణులు ఇందులో సలహా నిచ్చినారు. శిక్షణ పొందినవారు మాత్రం అదే మండలపు పిల్లలు. వారు పేదవాని ఇంటి ముంగిట కూర్చొని, పహాణీలో అతని పేరు ఏ సంవత్సరంలో మాయమైనదో వెదకి, తహసీలుదారుకు అర్జీ వ్రాసిపెట్టేవారు. ఆ పేదవాడు న్యాయవాదికి ఫీజు చెల్లించే శక్తి లేనివాడు. రెవిన్యూ కచేరీకి ఒంటరిగా పోవడానికి జంకేవాడు. అతనికి కావలసినది చలువరాతి భవనం కాదు, తన భాషలో తన కాగితం చదివిపెట్టే మనిషి. పథకం డబ్బు ఆగిపోయినప్పుడు ఆ మనిషి జీతం ఎవరివ్వవలెను అనే ప్రశ్న అన్ని దేశాలలో వలెనే ఇక్కడ కూడ వచ్చినది. అప్పు తెచ్చి ఆరంభించిన పనిని సొంత బడ్జెటులోకి తెచ్చుకొననంతవరకు అది మన సంస్థ కాదు.

తాండూరు విషయమే చూడండి. 1956 నవంబరు వరకు ఈ తాలూకా గుల్బర్గా జిల్లాలోనిది. రాష్ట్రాల పునర్విభజనతో హైదరాబాదు జిల్లాలో చేరినది. 1978లో రంగారెడ్డి జిల్లా, 2016 అక్టోబరులో వికారాబాదు జిల్లా ఏర్పడినవి. 2022 జూనులో తెలంగాణలోని జిల్లాలన్నీ న్యాయజిల్లాలు కావడంతో వికారాబాదు కూడ న్యాయజిల్లా అయినది. దూరం తగ్గినది. రాష్ట్రంలో 2017 నుండి ఉర్దూ రెండవ అధికారభాషగా వున్నది. కాని ఇన్ని మార్పులలో పాత కాగితం మారలేదు. అది ఉర్దూలో, అందులోను శికస్తా వ్రాతలో, అట్లే పెట్టెలో వున్నది.

మా ఇంటి పెట్టెలో కూడ ఒకటి వుండినది. 1348 ఫసలీ, అనగా 1938-39 నాటి దస్తావేజు. కొన్నేండ్ల క్రిందట పొరుగువారికి, మాకు ఒక నాపరాతి గోడ విషయమై తగాదా వచ్చి కచేరీకి ఎక్కినాము. దస్తావేజు దాఖలు చేయగా, తెలుగు అనువాదం తెమ్మన్నారు. అనువదించేవారు దొరకక మూడు వాయిదాలు గడచిపోయినవి. చివరకు ఒకరు డబ్బు తీసుకొని వ్రాసి ఇచ్చినారు. అందులో చతుస్సీమలు చెప్పేచోట "తూర్పు గోడ" విక్రయదారునిదని వున్నది. దాని ప్రకారం గోడ పూర్తిగా మాదే. మేము సంతోషించినాము, పొరుగువారు నిర్ఘాంతపోయినారు. రెండిండ్ల మధ్య మాటలు నిలిచిపోయినవి.

నాకెందుకో అనుమానం తీరక, ఆ కాగితాన్ని మా కళాశాలలో ఉర్దూ బోధించి విశ్రాంతి తీసుకొంటున్న ఒక పెద్దాయన వద్దకు తీసుకొనిపోయినాను. ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టి, కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టి, అరగంటలో ఆసాంతం చదివినారు. గోడ మాట వచ్చినచోట వ్రేలు నిలిపి, "ఇది మష్రిఖీ కాదు బాబూ, ముష్తర్కా" అన్నారు. మష్రిఖీ అనగా తూర్పుది. ముష్తర్కా అనగా ఉమ్మడిది. శికస్తా వ్రాతలో చుక్కలు ఎగిరిపోతే రెండూ ఒకే తీరుగా కనబడతాయట.

ఆ సాయంత్రమే నేను పొరుగువారి ఇంటికి వెళ్ళి, కాగితం వారి చేతిలో పెట్టి, ఆ మాట చదివి వినిపించినాను. మరుసటి వాయిదాకు ఇరుపక్షాలవారమూ ఒకే బస్సులో వెళ్ళి రాజీ దాఖలు చేసినాము.